కుట్టిన చెయ్యి, ఉతికిన చెయ్యి

మా ఇంట్లో కుట్టింది అమ్మమ్మ, నిలబెట్టింది పెద్దమ్మ. చిన్నప్పుడు నాకీ సంగతి తట్టలేదు. ఇంటికి వచ్చినవాళ్లు టేబుల్ క్లాత్ మీద గులాబీలు చూసి "ఎంత ఓపికండీ మీకు!" అని అమ్మమ్మను మెచ్చుకునేవారు. అమ్మమ్మ కళ్లజోడు సవరించుకుని "ఏదో కాలక్షేపం లెండి" అనేది. పెద్దమ్మ ఆ పక్కనే నిలబడి ఉండేది. గులాబీల ఎరుపు చెదరకుండా, గుడ్డ తెలుపు మాయకుండా ఉన్నది ఎవరి చలవో ఒక్కరూ అడిగేవారు కాదు. తనూ చెప్పుకునే మనిషి కాదు.

ఇప్పుడు నా బీరువాలో ఒక అర మొత్తం పాత చేతికుట్టు గుడ్డలే. అమ్మమ్మవి కొన్ని, చుట్టాలు "మాకెందుకివి, నువ్వైతే చూసుకుంటావు" అని ఇచ్చినవి కొన్ని, పాత సామాన్ల మధ్య నలిగి పడి ఉంటే కొనుక్కున్నవి కొన్ని. దిండు గలీబులు, టేబుల్ క్లాత్‌లు, ట్రేలో పరిచే చిన్న గుడ్డలు, కుర్చీ వీపుకి వేసేవి, ఒకప్పుడు రేడియో మీద కప్పినవి. వీటిని సర్దుకుంటూ ఉండగా నాకో లెక్క తేలింది. గుడ్డ మీద పువ్వు కుట్టేది ఒక్కసారే. ఆ తర్వాత అది ఎన్ని వందల సార్లు నీళ్లలో మునిగి ఉంటుందో! ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని పాడుచేయకుండా పైకి తీశారు కాబట్టే ఇవాళ నా దాకా వచ్చింది. కుట్టినవాళ్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఉతికినవాళ్ల గురించి రాద్దామనుకుంటున్నాను.

అయినా ముందు అమ్మమ్మ సంగతి చెప్పకపోతే అన్యాయం. ఎడమ భుజం మీదుగా వెలుతురు పడేట్టు కిటికీ పక్కన కూర్చునేది. చెక్క రింగులో గుడ్డ బిగించి వేలితో మీటి చూసుకుని, టప్‌మని పలికితేనే సూది పట్టేది. దారం పోగులు విడదీస్తుంటే చూడటం నాకు భలే ఇష్టం. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి. మూరెడు కత్తిరించి, చివర వదులు చేసి, ఒకే ఒక్క పోగును పట్టుకుని నిటారుగా పైకి లాగేది. మిగతా ఐదూ కిందికి ముడుచుకుపోయి, ఇక చిక్కుపడ్డట్టే అనిపించేవి. లాగిన పోగు పూర్తిగా బయటికి రాగానే తమంతట తామే జారి సాపైపోయేవి. అలా విడిగా తీసిన రెండు పోగుల్ని మళ్లీ జతచేసి సూదికి ఎక్కించేది. "ఎలాగూ కలిపేవాటికి విడదీయడం ఎందుకు అమ్మమ్మా?" అని అడిగాను. "కలిసి వచ్చినవి మెలి తిరిగి ఉంటాయే. విడదీసి కలిపితే పక్కపక్కనే పడుకుంటాయి" అంది. సాటిన్ కుట్టులో నిండిన గులాబీ రేకును ఏటవాలుగా వెలుతురుకు పట్టి చూస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. మెలితిరిగిన దారంతో కుట్టిన రేకు ఎక్కడికక్కడ మసకగా ఉంటుంది. పక్కపక్కనే పడుకున్న పోగుల రేకు ఒక్క తళుకుగా మెరుస్తుంది.

ఆ తళుకు చూసి చాలామంది పట్టు అనుకుంటారు. నూలే. 1850లో జాన్ మెర్సర్ అనే ఆంగ్లేయుడు నూలును గాఢమైన కాస్టిక్ సోడాలో ముంచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. దాంతో నూలు బలపడింది, రంగు బాగా పట్టింది, కానీ కుంచించుకుపోయేది. ముంచేటప్పుడు దారాన్ని బిగించి లాగిపెట్టి ఉంచితే కుంచించుకుపోదని, పైగా మెరుపు కూడా వస్తుందని 1890లో హొరేస్ లో అనే ఆయన చూపించాడు. మనం మెర్సరైజ్డ్ అనే దారం అదే. కాబట్టి నూలు దారంతో కుట్టిన గుడ్డ ఇంకా మెరుస్తోందంటే, దాన్ని ఎవరైనా రెండొందల ఏళ్ల నాటిదని చెప్పినా నేను నమ్మను.

అమ్మమ్మ దారాల డబ్బా ఇప్పుడు నా దగ్గరే ఉంది. డీఎంసీ లేబుళ్లను కూడా ఆవిడ పారేయలేదు. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న ములూజ్ నగరంలో 1746లో బట్టల మీద అచ్చులేసే పనితో మొదలైన కంపెనీ అది. తర్వాత దారాల్లోకి దిగింది. వాళ్ల రంగులకు నంబర్లుంటాయి. అమ్మమ్మకు రంగుల పేర్లతో పని లేదు. "321 అయిపోవచ్చిందే" అంటే ఎరుపు నిండుకుందని. 310 అంటే నలుపు. మేం పిల్లలం ఆ నంబర్లతోనే ఆడుకునేవాళ్లం, ఎవరి జుట్టైనా 310.

డిజైను కాగితం మీద నుంచి గుడ్డ మీదికి దించడానికి కార్బన్ పేపరు వాడేది. కొన్నిటికి మాత్రం వేడి ఇస్త్రీ పెట్టె ఒత్తితే నీలం గీతలు ఎక్కే కాగితాలు ఉండేవి. అలాంటి ఇస్త్రీ కాగితాలను 1870ల్లో మాంచెస్టర్‌లోని విలియం బ్రిగ్స్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. పెద్ద గౌను, వెడల్పు టోపీ వేసుకుని పూలమొక్కల మధ్య నిలబడ్డ అమ్మాయి బొమ్మ 1930ల్లో ఎంత వ్యాపించిందంటే, పాత గుడ్డలు పోగుచేసేవాళ్లకు అది తగలకుండా ఉండదు. నా దగ్గర అదే బొమ్మ రెండు గుడ్డల మీద ఉంది. గీత ఒకటే, చెయ్యి వేరు. ఒకావిడ టోపీని కాజాకుట్టుతో గట్టిగా నింపింది. ఇంకో ఆవిడ చుట్టూ కాడకుట్టు తిప్పేసి లోపల వదిలేసింది, గౌను అంచు దగ్గర నీలం గీత ఇంకా బయటికే కనిపిస్తోంది. బొమ్మ కోసం కొన్నది మొదటిది, ఆ నీలం గీత కోసం కొన్నది రెండోది.

ఇక పెద్దమ్మ. ఆవిడకి గుడ్డలన్నీ వెనకవైపు నుంచే గుర్తు. ఉతికేటప్పుడూ వెనకే, ఇస్త్రీ చేసేటప్పుడూ వెనకే కదా. ఏ గలీబులో దారం ఎక్కడ ముడి పడిందో, ఏ ఆకు నుంచి ఏ ఆకుకి అమ్మమ్మ దారం తెంపకుండా దాటించిందో తనకు కంఠతా వచ్చు. "ముందు నుంచి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి బుజ్జీ, పని చూడాలంటే తిప్పు" అనేది. ఇప్పటికీ ఏ గుడ్డ చేతికొచ్చినా ముందు తిప్పుతాను.

చేతికుట్టా, మిషను కుట్టా తేల్చుకోవడానికి అందరూ చెప్పేది కూడా ఇదే, వెనక చూడమని. చాలావరకు సరిపోతుంది. స్విట్జర్లాండ్‌లో ఇసాక్ గ్రోబ్లి 1863లో చేసిన షిఫ్లీ మిషనులో పై దారం ఒకటి, కింది దారం ఒకటి. వెనక ఆ రెండో దారం గుట్టు పట్టించేస్తుంది. అయితే దానికంటే ముందే, 1828లో, ములూజ్‌లోనే హైల్మన్ అనే ఆయన ఇంకో మిషను కనిపెట్టాడు. రెండు చివరలా మొనలుండి మధ్యలో కన్నమున్న సూదుల్ని గుడ్డకు ఇటూ అటూ పట్టుకారులు అందుకునే ఏర్పాటు. దారం ఒకటే, అచ్చం చేత్తో కుట్టినట్టే పోతుంది. వెనక ఎంత చూసినా దొరకదు. దాన్ని పట్టుకోవాలంటే పక్కపక్కనున్న పువ్వుల్ని పోల్చాలి. అన్ని పువ్వుల్లోనూ దారం ఒకే చోట మొదలై, ఒకే చోట ఆగి, ఒకే కుట్టు కాస్త వంకరగా ఉందంటే అది మిషను పనే. మనిషి ఒకే తప్పును అన్ని పువ్వుల్లోనూ ఒకే చోట చేయలేదు.

పెద్దమ్మ ఉతికే రోజు ఇంట్లో మిగతా పనులన్నీ పక్కకి జరగాల్సిందే. ముందు ప్రతి గుడ్డనూ ఎండకు పట్టి పలచబడ్డ చోట్లు చూసేది. తర్వాత రంగు పరీక్ష. తెల్ల గుడ్డపేలిక తడిపి, వెనకవైపు ఒక్కో రంగు దారం మీదా కాసేపు వేలితో అదిమి ఉంచేది. ఎరుపు, ముదురు నీలం, నలుపు, ఈ మూడింటినీ అస్సలు నమ్మేది కాదు. పేలికకు ఏ మాత్రం రంగు అంటినా ఆ గుడ్డను నీళ్లలో పెట్టేది కాదు. "ఉప్పు వేస్తే ఆగదా?" అని ఎవరో అన్నారు. "ఆగేదైతే ఉప్పు లేకుండానే ఆగుతుంది" అంది. తర్వాత చదివితే తెలిసింది, తన మాటే నిజం. పోయే రంగును ఉప్పూ వెనిగరూ ఆపలేవు.

పరీక్ష నెగ్గినవి వెడల్పాటి తొట్టిలో చన్నీళ్లలో నానేవి. సబ్బు అప్పుడే కాదు. గంట గడిచేసరికి నీళ్లు పలచటి టీ రంగుకు తిరిగేవి. ఆ నీళ్లు పారబోసి మళ్లీ కొత్త నీళ్లు. పాత గుడ్డ పసుపుపచ్చబడటానికి సగం కారణం అందులో మిగిలిపోయిన సబ్బు, గంజి. మిగతా సగం నూలు పోగే గాలి తగిలి మెల్లగా మారిపోవడం. వట్టి నీళ్లకే ఎంత పోతుందో చూడనివాళ్లకు చెప్పినా నమ్మరు. నీళ్లు తేటగా నిలిచాకే గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు కరిగించి, అరచేత్తో పై నుంచి అదిమేది. రుద్దడం లేదు, పిండటం అసలే లేదు. తీసేటప్పుడు కింద తువ్వాలు పరిచి, తువ్వాలుతో సహా రెండు చేతుల మీద, నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తేది. నూలు గుడ్డలకూ, నార (లినెన్) గుడ్డలకూ తడిస్తే బలం తగ్గదు, నిజానికి పెరుగుతుంది. కానీ తడి బరువంతా ఒక్క మూల మీద పడితే పలచబడ్డ చోట, ముఖ్యంగా కుట్టు మధ్య గుడ్డను కత్తిరించి కన్నాలు చేసే కట్ వర్క్‌లో సన్నని పట్టీల దగ్గర, పుటుక్కుమంటుంది. రేయాన్ దారం సంగతి వేరు, అది తడిస్తే నిజంగానే నీరసపడుతుంది. అతిగా మెరిసే దారం కనిపిస్తే నేను ఇంకా నెమ్మదిగా వెళ్తాను.

పెద్దమ్మకు రంగుపోని ఎరుపు అంటే మహా గౌరవం. యూరప్ ఇళ్ల పాత దుప్పట్ల మూలల్లో ఎర్రదారంతో చిన్న క్రాస్ కుట్టులో అక్షరాలూ, వాటి కింద ఒక అంకె ఉంటాయి. అవి అందానికి పెట్టినవి కావు. అందరి బట్టలూ ఒకేచోట ఉడికేటప్పుడు ఎవరివో తెలియడానికి అక్షరాలు, ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా వాడి అన్నీ సమానంగా అరగడానికి అంకెలు. ఎరుపే ఎందుకంటే, మంజిష్ఠ జాతి మొక్క వేళ్ల నుంచి తీసి నూనె, పటికలతో పట్టించే టర్కీ రెడ్ రంగు మరిగే నీళ్లకు కూడా చెక్కుచెదరదు. ఆ వేళ్లలో ఉండే అలిజరిన్‌ను 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అనే ఇద్దరు రసాయనంగా తయారుచేశాక ఎర్రదారం ఇంటింటికీ చేరింది. అంటే ఆ రంగును ఎంచుకున్నది చూసేవాళ్లను మెప్పించడానికి కాదు, ఉతికేవాళ్ల కోసం. నా దగ్గరున్న ఒక నార తువ్వాలు మూల అలాంటి అంకె ఒకటుంది. దానితోటివన్నీ ఏమయ్యాయో అని ఎప్పుడు చూసినా అనుకుంటాను.

తెలుపు చేయడమే ఒక వృత్తిగా బతికిన ఊళ్లున్నాయి. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ చుట్టుపక్కల 17వ శతాబ్దంలో మైదానాల నిండా నార గుడ్డలు పరిచి, తడుపుతూ ఎండబెట్టేవారు. దూరదేశాల నుంచి కూడా గుడ్డలు అక్కడికి వెళ్లేవి. అప్పటి డచ్ చిత్రకారులు ఆ తెల్లటి చారల్ని బొమ్మల్లో గీశారు. చారలే కనిపిస్తాయి. పరిచినవాళ్లు చుక్కలంత ఉంటారు, అంతే.

పెద్దమ్మ కూడా తెల్లవాటిని తడిగానే ఎండలో పరిచేది. రంగు దారాలున్నవి మాత్రం నీడలోనే. తుప్పు మరక ఉంటే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి, కాగానే బాగా జాడించేది. ఆ చివరి జాడింపు మర్చిపోతే ఆమ్లం గుడ్డలోనే ఉండిపోయి నూలును తినేస్తుంది. క్లోరిన్ బ్లీచ్ మాత్రం ఇంట్లోకి రానిచ్చేది కాదు. అది నూలును లోపల్నుంచి గుల్లచేస్తుంది, తుప్పు మీద పడితే మరకను ఇంకా గట్టిపరుస్తుంది. ఇప్పుడు నేను మరీ అవసరమైతే, తెల్ల నూలుకీ నారకీ మాత్రం, సోడియం పర్‌కార్బొనేట్ వాడతాను. నీళ్లలో కరిగితే హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతుంది, పని మెల్లగా, మెత్తగా జరుగుతుంది. ఇంకో చికాకు ఇప్పటి డిటర్జెంట్లతో. చాలావాటిలో ఆప్టికల్ బ్రైటెనర్లుంటాయి. అవి మురికి తీయవు. నీలి మెరుపు పూసి తెల్లగా కనిపించేట్టు చేస్తాయి. మీగడ రంగు నార గుడ్డకు అవి పడితే దాని సొంత రంగు మళ్లీ రాదు. నాకు ఆ నీలి తెలుపు చూస్తే ఒళ్లుమంట.

ఇస్త్రీ దగ్గర పెద్దమ్మను మించినవాళ్లను నేను చూడలేదు. గుడ్డ ఇంకా చెమ్మగా ఉండగానే బల్ల మీద మందపాటి తువ్వాలు పరిచి, దాని మీద పువ్వులు కిందికి వచ్చేట్టు బోర్లా వేసేది. ఇస్త్రీ పెట్టెను తోయకుండా ఎత్తి పెట్టి, ఎత్తి పెట్టి మధ్య నుంచి అంచులకు వెళ్లేది. పువ్వు మధ్యలోని ముడికుట్లన్నీ తువ్వాలులోకి దిగి కూర్చునేవి, నలిగేవి కావు. తిప్పి చూపిస్తే గులాబీలు గుడ్డ మీద నుంచి కాస్త పైకి లేచి ఉండేవి. కట్ వర్క్ కన్నాల దగ్గర మాత్రం సన్నటి పేలిక అడ్డుపెట్టేది, ఇస్త్రీ ముక్కు పట్టీల్లో చిక్కుకోకుండా.

ఒక్క గంజి విషయంలోనే ఆవిడతో నాకు పేచీ. గంజి పెట్టి ఫెళఫెళలాడేట్టు ఇస్త్రీ చేసి బీరువాలో పెడితేగానీ తనకు తృప్తి ఉండేది కాదు. రేపో ఎల్లుండో పరిచేవాటికైతే పర్వాలేదు. ఏళ్ల తరబడి దాచేవాటికి గంజి వద్దు. గంజి పట్టిన మడత బిరుసెక్కి అక్కడే పోగులు విరుగుతాయి, గుడ్డ గోధుమరంగుకు తిరుగుతుంది. గంజి కోసం సిల్వర్‌ఫిష్ పురుగులు వచ్చి గుడ్డను కూడా కొరుకుతాయి. కలరా ఉండలు కూడా అనవసరం. బట్టల చిమ్మటకు ఉన్నీ, పట్టు కావాలి గానీ నూలుతో పని లేదు. ఆ వాసన మనిషికి కూడా మంచిది కాదు. నేను గంజి లేకుండా, ఇస్త్రీ కూడా లేకుండా, ఉతికి పూర్తిగా ఆరాక ఆమ్లం లేని కాగితం వేసి గొట్టాలకు చుడతాను. చుట్టడానికి కుదరనంత పెద్దవైతే మడతల్లో ఆ కాగితాన్నే ఉండలా చుట్టి పెడతాను. తీసినప్పుడల్లా మడత చోటు మారుస్తాను. బీరువా చెక్కకు నేరుగా తగలనివ్వను, చెక్కలోంచి వచ్చే ఆమ్లం గోధుమ గీతలు పెడుతుంది. ప్లాస్టిక్ కవర్లు అసలే వద్దు. కొన్నిటిని ఫ్రేము కట్టి గోడకు పెడదామా అనిపిస్తుంది గానీ, మ్యూజియంలలో బట్టల మీద 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురును కొలిచే కొలత) మించి వెలుతురు పడనివ్వరని చదివాక ఆ ఆశ వదులుకున్నాను. ఇంట్లో పగటి వెలుతురు అంతకు ఎన్నో రెట్లుంటుంది.

పోగుచేసేవాళ్లు చాలామంది అతుకు, రఫ్ఫు ఉన్న గుడ్డను పక్కన పడేస్తారు. నేను అలాంటివే వెతుకుతాను. అమ్మమ్మ టేబుల్ క్లాత్ ఒక మూల, గులాబీ కాడకు ఆనుకుని, అగ్గిరవ్వ పడి బఠాణీ గింజంత కన్నం పడింది. బజారు దారంతో రఫ్ఫు చేస్తే తెలుపులో తెలుపు కలవదని, పెద్దమ్మ ఆ గుడ్డ అంచు మడతను విప్పి, లోపల దాగి ఉన్న పోగుల్నే ఒక్కొక్కటీ లాగింది. గుడ్డతోపాటే అన్ని ఉతుకులూ చూసిన పోగులు అవి. నిలువు పోగులు వేసి, అడ్డం ఒకటి మీదుగా ఒకటి కిందుగా నేసింది. కన్నం అంచులో బిగించకుండా, చుట్టూ ఉన్న మంచి గుడ్డలోకి ఒక్కో వరసనూ ఎగుడుదిగుడుగా వదిలింది, లాగుడు ఒకేచోట పడకుండా. వెలుతురుకు పడితే తప్ప ఎక్కడుందో తెలియదు. తెగిన కాడకుట్టును మాత్రం తను ముట్టుకోలేదు. "అది మీ అమ్మమ్మది" అని రింగు తెచ్చి అమ్మమ్మ ఒళ్లో పెట్టింది.

అమ్మమ్మ గుడ్డల్లో గట్టిగా ఉన్నవాటిని నేను వాడుతూనే ఉంటాను. పలచబడ్డవి చుట్టలోనే ఉంటాయి. ప్రతి చుట్టకూ గుడ్డపీలికతో ఒక చీటీ కట్టాను. ఏ గుడ్డ, ఏ దారం, ఎవరు కుట్టారు, ఎవరు ఉతికారు, రఫ్ఫు ఎక్కడుంది, అన్నీ పెన్సిలుతోనే రాశాను, సిరా ఎప్పుడైనా కారుతుంది. మొన్న అక్క, అదే పెద్దమ్మ కూతురు, వచ్చి ఆ చీటీలు చదివింది. "ఉతికినవాళ్ల పేరు కూడా రాస్తారుటే?" అని నవ్వి, వాళ్లమ్మ పేరున్న చీటీలన్నీ ఏరి ఒకచోట పెట్టి చూసుకుంది. తర్వాత, "మరి ఇప్పుడు ఉతికేది నువ్వేగా, నీ పేరేది?" అని అడిగింది. ముందు ఆ ట్రే గుడ్డ అంచున ఉన్న గోధుమరంగు మచ్చ లొంగనీ, అప్పుడు రాసుకుంటానన్నాను. అక్క దాన్ని తీసుకుని, తిప్పి, వెనక నుంచి చూసి, "ఇది పోదులే, రాసేసుకో" అంది.